బంగాళాఖాతంలో పొద్దు గుంకదు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో గేమ్ డిజైన్, యానిమేషన్ నేర్పుతున్న శిక్షణ సంస్థల యజమానులకు, అధ్యాపకులకు బహిరంగ లేఖ



గేములకు నేల తయారుచేయడం నా వృత్తి. కొండ, వాగు, రోడ్డు, గడ్డి, బురద, ఏది అడిగితే అది. మీ దగ్గర కోర్సు ముగించుకున్న పిల్లలు కొందరు తమ పని చూపించడానికి నా దగ్గరికి వస్తుంటారు. ఉద్యోగాలిచ్చే మనిషిని కాను. ఎక్కడ పని ఉందో చెప్పగలను, చేసినదాంట్లో ఏది కుదరలేదో చెప్పగలను. ఈమధ్య వాళ్ళు తెచ్చేవాటిలో సముద్రపు ఒడ్డున గోల్ఫ్ మైదానం ఎక్కువైంది. ఎందుకో ఊహించగలను. మనుషుల బొమ్మల్ని కదిలించే బాధ లేదు, కథ అక్కర్లేదు. పచ్చిక, ఇసుక, నీళ్ళు, ఆకాశం ఉంటే చాలు, తెర నిండిపోతుంది. పీజీఏ టూర్ 2కే వరస ఆటల్లోనైతే మైదానం తయారుచేసుకునే పనిముట్టు ఆటతోపాటే వస్తుంది.

సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు అలాంటిదే చూపించాడు. నీళ్ళ మీద మెరుపు బాగుంది, గడ్డి మీద నీడలు ఇంకా బాగున్నాయి.

"ఇది ఏడున్నది తమ్ముడూ?"

"భీమిలి దగ్గర అన్నా. వైజాగ్."

"మరి పొద్దు సముద్రంల గుంకుతున్నదేంది?"

తెర వంక చూశాడు. నా వంక చూశాడు.

"సరే, గాలి ఎటునుంచి వస్తది?"

"అది సెట్టింగ్స్‌ల ఉంటదన్నా. ఎటు కావాల్నంటే అటు పెట్టుకోవచ్చు."

తప్పు కుర్రాడిది కాదు. అతను సముద్రాన్ని సినిమాల్లో చూశాడు, గోల్ఫ్ మైదానాన్ని కాలిఫోర్నియా వీడియోల్లో చూశాడు. కాలిఫోర్నియాలో సముద్రం పడమటి దిక్కున ఉంటుంది కాబట్టి అక్కడ పొద్దు నీళ్ళలోనే గుంకుతుంది. ఆ పొద్దునూ, దాంతోపాటు అక్కడి సైప్రస్ చెట్లనూ తెచ్చి భీమిలిలో నాటేశాడు. ఏ మీట నొక్కితే కొండ లేస్తుందో మీరు నేర్పారు. కొండ అక్కడే ఎందుకు ఉండాలో అడగడం నేర్పలేదు. ఈ లేఖలో నా ఫిర్యాదు ఇదొక్కటే. ఏ సంస్థ పేరూ ఎత్తను, ఎందుకంటే ఇది అందరికీ వర్తించేదే.

సముద్రం మనకు దూరం కదా అంటారేమో. మీ బోర్డుల కింద నుంచి పోయే రోడ్డు పుణెలో మొదలై మచిలీపట్నంలో ముగుస్తుంది. పాత లెక్కలో తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదు. చైతన్యపురి దాటి, ఎల్బీనగర్ చౌరస్తా దాటి, సూర్యాపేట, విజయవాడల మీదుగా ఆ రోడ్డు తిన్నగా సముద్రం దగ్గరికే పోతుంది. రాత్రి ఎల్బీనగర్‌లో బస్సెక్కితే తెల్లారేసరికి కోస్తాలో దిగవచ్చు. సముద్రం మనకు దూరమన్న మాట నేను ఒప్పుకోను.

ఊహా మైదానమంటే పిల్లలాట అనుకునే వాళ్ళు మీలో ఉండవచ్చు. వాళ్ళ కోసం ఒక ముచ్చట. 1914లో కంట్రీ లైఫ్ అనే ఇంగ్లిషు పత్రిక ఒక పోటీ పెట్టింది: రెండు దెబ్బల్లో గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) చేరే ఒక హోల్‌ను, అంటే మైదానంలో ఒక అంచెను, కాగితం మీద గీసి పంపండి అని. గెలిచినవాడు అలిస్టర్ మెకంజీ. చదువుకి డాక్టరు, బోయర్ యుద్ధంలో పనిచేసినవాడు. లేని నేల మీద, లేని సముద్రం పక్కన ఆయన గీసిన ఆ హోల్‌ను ఛార్లెస్ బ్లెయిర్ మెక్‌డొనాల్డ్ న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో తాను కడుతున్న లిడో మైదానంలో పద్దెనిమిదో హోల్‌కు వాడుకున్నాడు. బురద నేలలోకి సముద్రపు ఇసుక తోడిపోసి, ఎత్తుపల్లాలు సైతం మనుషులే పుట్టించిన మైదానం అది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ స్థలం అమెరికా నౌకాదళం చేతికి వెళ్ళింది. మైదానం మాయమైంది.

అసలు విశేషం ఆ తరువాతిది. దశాబ్దాలు గడిచాక పీటర్ ఫ్లోరీ అనే గోల్ఫ్ చరిత్ర పిచ్చివాడు పాత ఫోటోలు, విమానం నుంచి తీసిన చిత్రాలు, పత్రికల్లో వర్ణనలు పోగేసి, ద గోల్ఫ్ క్లబ్ 2019 అనే కంప్యూటర్ గేములో లిడోను మళ్ళీ కట్టాడు. ఇంట్లో కూర్చుని, సరదాకి. ఏ నీడ ఎంత పొడవు పడిందో చూసి గుట్ట ఎంత ఎత్తుండాలో అంచనా కట్టడమంటే ఎంత ఓపికో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ గేము మైదానాన్ని చూసి విస్కాన్సిన్‌లోని శాండ్ వ్యాలీ గోల్ఫ్ రిసార్టు యజమానులు నిజంగానే కట్టించారు. మైదానాల రూపశిల్పి టామ్ డోక్ పర్యవేక్షణలో గేములోని ఎత్తుపల్లాలు బుల్డోజర్లకు దారి చూపే కొలతలయ్యాయి. 2023లో జనం అందులో ఆడడం మొదలుపెట్టారు. కాగితం మీది ఊహ నేల మీదికొచ్చి, నేల మీది నుంచి పోయి, తెర మీదికొచ్చి, మళ్ళీ నేలకు దిగింది. విస్కాన్సిన్‌కు సముద్రాన్ని మాత్రం తేలేకపోయారు, అది వేరే సంగతి.

ఫ్లోరీకి ఆ పని చేతనైంది మౌస్ బాగా తిప్పడం వచ్చినందుకు అనుకుంటే పొరపాటు. ఆయన నేలను చదివాడు. గోల్ఫ్ ఎప్పుడూ ఆడని మన పిల్లలకు ఆ చదువు వస్తుందా? వస్తుంది. మట్టి నేల మీద గోళీలు ఆడినవాడికి వాలు ఎక్కడుందో, గుంటకు ఏ పక్కనుంచి పోవాలో వేళ్ళకే తెలుసు. గ్రీన్ మీద జరిగేదీ అదే. అక్కడి గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. దాని చుట్టూ వాలు నూటికి మూడు పాళ్ళకు మించితే, బాగా పొట్టిగా కోసిన గడ్డి మీద బంతి ఆగడం కష్టమవుతుంది. మీ విద్యార్థులు తెచ్చే గ్రీన్లలో సగం మీద బంతి నిలబడదు. చూడడానికి అలలు అలలుగా, అందంగా ఉంటాయి. ఆడితే బంతి జారి ఇసుక గుంటలో, అంటే బంకర్లో పడుతుంది. తాము గీసిన మైదానంలో తాము ఆడి చూడరు మరి.

ఇక నేల సంగతి. అమెరికాలో, స్కాట్లాండులో మైదానాలను కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళకు లేజరుతో కొలిచిన లైడార్ లెక్కలు చాలాచోట్ల ఉచితంగా దొరుకుతాయి. జీఎస్ ప్రో లాంటి సిమ్యులేటర్ల కోసం మైదానాలు చేసేవాళ్ళు ఆ లెక్కలు దించుకుని, ఇంక్‌స్కేప్‌లో గీతలు గీసి, బ్లెండర్‌లో నేలకు అతికించి, యూనిటీలోకి తెస్తారు. ఈ మూడూ పైసా కట్టకుండా నేర్చుకోగలిగినవే. మనకు అంత సన్నటి కొలతలు ఉచితంగా అందుబాటులో లేవు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడారుతో తీసిన ఎత్తుల పటమైనా, మన ఇస్రో భువన్‌లో దొరికే కార్టోశాట్ పటమైనా ముప్ఫై మీటర్ల గడులుగా ఉంటుంది. ఒక్కో గడి తొమ్మిది వందల చదరపు మీటర్లు. మామూలు గ్రీన్ అయిదారు వందల చదరపు మీటర్లుంటుంది. అంటే మొత్తం గ్రీన్ ఒక్క గడిలో ఇమిడిపోతుంది, దాని లోపల ఎత్తుపల్లాల గురించి ఆ పటం ఒక్క ముక్క కూడా చెప్పదు. పిల్లలు ఈ పటాన్ని దించి, నున్నగా రుద్ది, అదే భూమి అనుకుంటున్నారు.

ఆ లోపాన్నే పాఠంగా మార్చవచ్చని నా వాదన. గడి లోపలి నేలను మనమే పుట్టించాలి, పుట్టించాలంటే అది ఎలా పుడుతుందో తెలియాలి. అందుకు కావలసినవి మన ఊళ్ళోనే ఉన్నాయి. ఎల్బీనగర్ నుంచి నాగోలు మీదుగా పోతే ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ శిక్షణ సంస్థ ఉంది, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. ఊరికి అటు చివర ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. 1999లో ఏర్పడింది. మన తీరాలన్నిటికీ అలలు, గాలులు, సునామీ హెచ్చరికలు చెప్పే కేంద్రం సముద్రమే లేని ఈ హైదరాబాదులో కూర్చుని పనిచేస్తోంది. ఏ తీరంలో ఏ రోజు గాలి ఎటునుంచి ఎంత వేగంతో వీస్తుందో వాళ్ళ వెబ్‌సైటులో ఎవరైనా చూసుకోవచ్చు. మీ విద్యార్థుల్లో ఒక్కరైనా చూశారా?

తెలుగు తీరమంతా ఒకటే అనుకోవడం ఇంకో తప్పు. మన హైవే ముగిసే మచిలీపట్నం దగ్గర మంగినపూడి బీచిలో నేల నల్లటి బంకమట్టి, సముద్రం లోతులేకుండా చాలా దూరం పోతుంది. చుట్టూ కృష్ణా డెల్టా, ఎటు చూసినా చదును, చివర్లలో మడ అడవులు. అక్కడ కొండచరియ మీద టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) పెట్టినవాడు ఆ ఊరిని పటంలో కూడా చూడలేదని అర్థం. కాకినాడ దగ్గర హోప్ ఐలండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా ఏర్పడిన పొడవాటి ఇసుక మేట అది. తూర్పు తీరంలో ఇసుక నికరంగా ఉత్తరం వైపే కదులుతుంది, కాబట్టి నదీముఖంలో మీరు గీసే ఇసుక నాలుక కొస ఉత్తరానికే తిరగాలి. విశాఖ నుంచి భీమిలి దాకా పోతే కథ మారిపోతుంది: ఖోండలైటు రాతి కొండలు సముద్రం దాకా వచ్చి ఆగుతాయి, నడుమ ఎర్రమట్టి దిబ్బలు, అవతల గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. గోల్ఫ్ కోసం కల్పించుకోవడానికి ఇంతకన్నా మంచి తీరం నాకు తెలిసి మనకు లేదు.

నేను అక్కడే ఒక మైదానాన్ని కల్పించుకుంటున్నాను. మొగలిరేవు అని పేరు పెట్టుకున్నాను. ఆ పేరుతో ఊరేదైనా ఉంటే దానికీ నా మైదానానికీ సంబంధం లేదు. దాని నడక కొంచెం చెబుతాను, మీ క్లాసులో దుమ్మెత్తిపోయడానికైనా పనికొస్తుంది.

ముందు గాలి. ఆ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది, సముద్రం ఆగ్నేయాన ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, చలికాలం మొదట్లో ఈశాన్యపు గాలి. రెండూ తీరం వెంబడే వీస్తాయి, ఎదురెదురు దిక్కుల్లో. అంటే ఒడ్డు వెంట ఈశాన్యానికి పోయే హోల్‌లో జూలైలో గాలి వీపు తడుతుంది, డిసెంబరులో ముఖాన కొడుతుంది. ఎదురుగాలి తీసుకునేంత దూరాన్ని వెనకగాలి తిరిగి ఇవ్వదు. కాబట్టి అలా పోయే నా పదమూడో హోల్ వానాకాలంలో బలం ఉన్నవాడికి రెండు దెబ్బల పని, డిసెంబరులో మూడో దెబ్బ లేకుండా ఎవరికీ అందదు. ఒకే నేల మీద రెండు ఆటలు. స్కాట్లాండులో మ్యూర్‌ఫీల్డ్ మైదానాన్ని మొదటి తొమ్మిది హోల్స్ గడియారం తిరిగే దిక్కునా, తరవాతి తొమ్మిది దానికి లోపల ఎదురు దిక్కునా తిరిగేట్టు వేశారు, గాలి ఒకే వైపు నుంచి వరసగా తగలకుండా. నేనూ ఆ పద్ధతిని కొంత వాడుకున్నాను, కానీ ఋతువును లెక్కలోకి తీసుకోవడం మన తీరం నేర్పిన సంగతి.

రెండోది, సముద్రాన్ని దాచడం. మీ పిల్లలు పద్దెనిమిది హోల్సూ నీళ్ళ పక్కనే పెడతారు. నాలుగో హోల్ దాటేసరికి ఆడేవాడికి సముద్రం కనిపించడం మానేస్తుంది. మెకంజీయే కాలిఫోర్నియాలో వేసిన సైప్రస్ పాయింట్ (1928) చూడండి. అడవిలో తిప్పి, ఇసుక దిబ్బల్లో తిప్పి, చివరకు పదిహేను, పదహారు, పదిహేడు హోల్స్‌లో సముద్రాన్ని ఎదురుగా నిలబెడతాడు. మొగలిరేవులో మొదటి మూడు హోల్స్ జీడిమామిడి తోటలో. నాలుగో దాంట్లో అలల చప్పుడు మాత్రం వినిపిస్తుంది, నీళ్ళు కనబడవు. చప్పుడును ఎంత దూరం నుంచి మొదలుపెట్టాలో సరిచేయడానికే చాలా సమయం పట్టింది. ఏడోది చిన్నది, నదీముఖం మీదుగా ఒకే దెబ్బ. పదకొండోది ఎర్రమట్టి గట్ల నడుమ, వాన నీళ్ళు కోసిన గండి పక్కన. అక్కడ బంకర్ ఒక్కటి కూడా పెట్టలేదు, గండి చాలు. ఆటుపోట్లు విశాఖ తీరంలో రెండు మీటర్లకు లోపే కాబట్టి స్కాట్లాండు తరహాలో నీళ్ళు వెనక్కి పోయి మైళ్ళ కొద్దీ ఇసుక బయటపడే దృశ్యం మనకు కుదరదు. బీచి సన్నగానే ఉండాలి.

మూడోది గడ్డి, చెట్లు. స్కాట్లాండు ఫెస్క్యూ గడ్డి మన ఎండకు బతకదు. వేడి దేశాల్లో గోల్ఫ్ మైదానాలకు వాడే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయక చవితికి మనం పత్రిలో కలిపే గరిక, దాని సంకరజాతులు. ఏప్రిల్‌లో అది పసుపు తిరుగుతుంది, తిరగనివ్వండి. ఆకుపచ్చను ఏడాది పొడవునా అంతే గాఢంగా పెట్టడం రంగుల డబ్బా పని. దిబ్బల మీద రావణాసురుడి మీసాల గడ్డి, బాలబందితీగ. గాలికి అడ్డంగా సరుగుడు. గట్ల మీద తాటిచెట్లు, తడి చోట్ల మొగలి పొదలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక విశాఖలో ఎన్ని చెట్లు ఒరిగాయో చూసినవాళ్ళు ప్రతి తాటినీ నిటారుగా పెట్టరు.

ఇంకోటి ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మన తీరంలో మనుషులుంటారు. మీ విద్యార్థుల సముద్రపు ఒడ్డున ఒక్క పడవ ఉండదు, ఆరేసిన వల ఉండదు. మొగలిరేవులో మత్స్యకారుల పల్లె నుంచి రేవుకు పోయే దారి పదహారో హోల్ ఫెయిర్‌వేను (టీ నుంచి గ్రీన్ దాకా పరిచిన పచ్చికను) అడ్డంగా కోసుకుంటూ పోతుంది. పల్లెవాళ్ళు నడుస్తుంటే ఆట ఆగుతుంది. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. గోల్ఫ్‌కు పుట్టిల్లనదగ్గ సెంట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో మొదటి, చివరి ఫెయిర్‌వేల మీదుగా జనం నడిచే దారి ఇవాళ్టికీ ఉంది, ఆదివారాలు మామూలుగా ఆట ఆపి ఆ మైదానాన్ని ఊరి జనానికి వదిలేస్తారు.

నిజంగానే భీమిలిలో కట్టవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. వద్దు. ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో ఇసుక దిబ్బలకు అత్యంత సున్నితమైన వర్గంలో చోటుంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే ఒడ్డు అది. ఆ నేల మీద యంత్రం తిరగకూడదు. గేములో ఎంత తవ్వినా ఎవరి నీళ్ళూ ఖర్చుకావు, ఎవరి భూమీ పోదు. ఊహా మైదానానికి ఇంతకు మించిన సమర్థన నాకు అక్కర్లేదు.

మీరనబోయేది నాకు తెలుసు: "ఇదంతా బాగానే ఉంది సార్, ఫీజు కట్టిన తల్లిదండ్రులు ప్లేస్‌మెంట్ అడుగుతారు, గోల్ఫ్ గేముల కంపెనీలు హైదరాబాదులో ఎన్నున్నాయి?" గోల్ఫ్ కోసం ఉద్యోగాలు వస్తాయని నేను అబద్ధం చెప్పను. కానీ ఏ ఆటకైనా, సినిమా గ్రాఫిక్స్‌కైనా, బిల్డర్ వెంచరు నమూనాకైనా నేల చేసేవాణ్ణి తీసుకునేటప్పుడు చూసేది ఒకటే: నీళ్ళు ఎటు పారతాయో ఇతనికి తెలుసా అని. 2020 అక్టోబరు వానల్లో సరూర్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు ఎందుకు మునిగాయో ఆ వీధుల్లో నడిపిస్తూ చూపించండి. కాంటూరు గీత అంటే ఏమిటో ఏ స్లైడులోనూ అంత బాగా అర్థం కాదు. వనస్థలిపురం జింకల పార్కులో గడ్డి ఏ నెలలో ఏ రంగులో ఉంటుందో ఫోటోలు తీయించండి. ఒక్క ఆదివారం పని.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. రాబోయే వేసవి బ్యాచ్‌కు చివరి ప్రాజెక్టుగా తెలుగు తీరంలో ఒక ఊహా గోల్ఫ్ మైదానం ఇవ్వండి. పద్దెనిమిది అక్కర్లేదు, మూడు హోల్స్ చాలు. మొదటి వారం కంప్యూటర్ ముట్టనివ్వకండి. కాగితం మీద దిక్కులు, గాలి, నీటి పారుదల, పల్లె, రేవు గీయించి, అవి సరిపోయాకే మౌస్ ఇవ్వండి. మార్కుల్లో సగం ఆ కాగితానికే వేయండి. వీలైతే బ్యాచ్ మొత్తాన్ని బస్సెక్కించి ఒక పగలు భీమిలి ఒడ్డున నడిపించండి, లేదంటే కనీసం మంగినపూడి దాకా. చివర్లో ఒకరి మైదానంలో ఇంకొకరిచేత ఆడించండి. మూల్యాంకనానికి మనిషి కావాలంటే నేను వస్తాను. ఫీజు వద్దు, మధ్యాహ్నం భోజనం పెట్టండి చాలు.

ఇట్లు,
చైతన్యపురి నుంచి,
నేల గీసే ఒక పనివాడు